మోకాలెత్తు వచ్చాక

ఇంటి నుంచి,
మొక్కజొన్న వేసిన ఇరవయ్యో రోజు

గడ్డి డాక్టరమ్మకి వదిన రాసేది,

నువ్వు పంపిన విత్తనాల సంచీ, కరపత్రం అందాయి. కరపత్రం అడుగున నీ పేరు ఈగంత అక్షరాల్లో వేశారు. మీ ఆఫీసు పెద్దాయన పేరు మాత్రం బొద్దింకంత ఉంది. అయినా నీ పేరు కింద ఎర్ర గీత గీసి పాకలో గుంజకి అంటించాను. దొరసాని నాలుక చాపి ఒక మూల నాకేసింది. ఎనిమిది ఆవుల్లో దానికే చదువు మీద శ్రద్ధ.

నిన్ననే గడ్డి విత్తాను. "మొక్కజొన్న మోకాలెత్తు వచ్చాక సాళ్ల మధ్య గినీ గడ్డి విత్తుకోవాలి" అని రాశారు కదా. పొద్దున్నే వెళ్లి సాల్లో నిలబడ్డాను. ఆకు కొస సరిగ్గా నా మోకాలిచిప్పకి తగిలింది. ఇంకేం, మొదలుపెట్టేశాను. మీసాల బాబాయి పక్క చేలోంచి గట్టు దిగొచ్చి, నా భుజానికి వేలాడే పలక లాక్కుని, "నీ మోకాలా, నా మోకాలా?" అని రాశాడు. ఆయన తాడిచెట్టంత మనిషి. "నా చేలో నా మోకాలే. నీ మోకాలిని అందుకోవాలంటే మొక్కజొన్న నిచ్చెనెక్కాలి" అన్నాను. నవ్వాడనుకుంటా, మీసం కదిలింది. తర్వాత ఆయన కూడా నాతోపాటే విత్తేశాడు. కింద చేల వాళ్లు ఇంకో ఇద్దరు కూడా. "మా ఆడపడుచు రాసిన కాగితం" అని ఇంటింటికీ పట్టుకెళ్లి చూపించింది నేనే.

ఎందుకింత సంబరమో నీకు తెలుసు. పోయిన ఏడు వానకి ఏటవాలు చేను పైపొర జారి కాలవలో పడింది. పై మడుల్లో వేలు గుచ్చితే రాయి తగులుతోంది. ఈ ఏడు కూడా అలాగే పోతే వచ్చే ఏడు విత్తడానికి మిగిలేది బండరాయే. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ కింద పడ్డ మట్టిని తట్టలతో మళ్లీ పైకి మోసేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. నేను మోయగలిగినంత మోశాను, ఇంక నా నడుము ఒప్పుకోవడం లేదు. "కంకి మనిషికి, గడ్డి పశువుకి, వేళ్లు నేలకి" అని రాశావు చూడు, అది చదివి చాలాసేపు పాకలోనే కూర్చుండిపోయాను.

చెవులు పోయాక ఫోనుకీ నాకూ తెగతెంపులైపోయాయి కాబట్టి ఉత్తరమే రాయి. పాలవ్యాను డ్రైవరు తెచ్చిస్తాడు.

నీ బెత్తెడు వదిన
(మీ అన్నయ్య పెట్టిన పేరు, ఆయన పోయినా ఇది పోలేదు)


పరిశోధన కేంద్రం, పశుగ్రాస విభాగం,
రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "గుంజకి అంటించాను" అన్నచోట మూడుసార్లూ ఆగిపోయాను. మేము ఇక్కడ కరపత్రాలు కట్టలు కట్టలుగా అచ్చు వేయిస్తాం. అవి ఎవరికో చేరతాయి, ఎవరో చదువుతారు అనుకుంటాం. ఆ "ఎవరో"కి ఒక పాక ఉంటుందని, అందులో ఎనిమిది నోళ్లు ఉంటాయని, మా ప్రతి మాటా నమ్మి వాళ్లు విత్తనం నేలలో వేస్తారని, నిజం చెప్పనా, ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ గట్టిగా ఊహించుకోలేదు.

నువ్వు విత్తావంటే సంతోషంగానే ఉంది. ఇంకో ముగ్గురు కూడా వేశారంటే కొంచెం బెరుకుగా ఉంది. నా స్వభావం నీకు తెలుసు కదా, తలుపు తాళం వేసి మెట్లు దిగి మళ్లీ ఎక్కి లాగి చూసే మనిషిని. అన్నయ్య వెక్కిరించేవాడు, "దీన్ని పెళ్లిచూపులకి పంపితే ముహూర్తం అయ్యాక ఒప్పుకుంటుంది" అని. చివరికి అసలు ఒప్పుకోనే లేదు, అది వేరే సంగతి.

అక్కడ వానలెలా ఉన్నాయో రాయి. చివరి వాన పడి ఎన్నాళ్లయింది? నేల రెండు వేళ్ల లోతులో తడిగా ఉందా?

ఇక్కడ రెండు వరుసలు కొట్టేశాను. ముఖ్యమైనవేం కావు, చేతిరాత వంకరపోయింది, అంతే. గడ్డి మొలక సన్నగా సూదిలా వస్తుంది, కలుపనుకుని పీకేయకు. దొరసానిని అడిగానని చెప్పు. చదువు బాగా సాగించమను.

మరదలు


ఇంటి నుంచి,
నలభై ఒకటో రోజు

డాక్టరమ్మా,

వాన పడి పద్దెనిమిది రోజులు. నువ్వడిగిన రెండు వేళ్ల లోతు కాదు, జానెడు తవ్వినా పొడే.

మధ్యాహ్నమయ్యేసరికి మొక్కజొన్న ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోతున్నాయి. మొదట్లో సాయంత్రానికి విచ్చుకునేవి. మూడు రోజులుగా తెల్లారినా విచ్చుకోవడం లేదు. గడ్డి మాత్రం సాళ్ల మధ్య జానెడెత్తు లేచి పచ్చగా నవ్వుతోంది. దాన్ని చూస్తే ముద్దొస్తోంది, ఒళ్లు మండుతోంది. ఒకే కంచంలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెడితే ఒకడు రెండు చేతులా తినేస్తున్నట్టుంది. వీడి చెయ్యి పట్టుకోనా, వాణ్ణి లేపి పక్కన కూర్చోబెట్టనా?

కోసి మేపుదామంటే ఇంకా లేత. ఎనిమిది నోళ్లకి ఒక పూటకి కూడా రాదు. పోయినేడు చొప్ప అటక మీద అడుగుకి వచ్చేసింది. పాలు సగానికి పడ్డాయి. పాలకేంద్రంలో క్యాను ఎత్తినప్పుడు వాళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది నాకు, వినక్కర్లేదు.

మీసాల బాబాయి రోజూ గట్టు మీద నిలబడతాడు. నిన్న పలక తీసుకుని "మీ ఆడపడుచు ఏమంది?" అని రాశాడు. "రాస్తుంది" అన్నాను. ఇవాళ మళ్లీ అదే రాశాడు. నిన్నటిది చెరపకుండా దాని కిందే రాశాడు.

మీ మడుల్లో కూడా ఇలాగే అయి ఉంటుంది కదా ఎప్పుడైనా? వాన లేని ఏడు మీరేం చేశారు? గడ్డి పీకారా, ఉంచారా? అది చెప్తే చాలు. ఉత్తరం ఆలస్యం చెయ్యకు.

వదిన


పరిశోధన కేంద్రం, పశుగ్రాస విభాగం

వదినా,

నీ ఉత్తరం చూసి మీ చేని వివరాలు పరిశీలించాను. ఒక విషయం బయటపడింది.

కరపత్రంలో "మోకాలెత్తు" అంటే మా క్షేత్రసహాయకుడి మోకాలి ప్రకారం వేసిన అంచనా. అతను పొడగరి. మా దగ్గర పైరు ఆ ఎత్తుకి రావడానికి ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. నా రాతప్రతిలో "ఇరవై ఎనిమిదో రోజు" అనే ఉంది. రైతులకి రోజుల లెక్క కంటే ఒంటి కొలత గుర్తుంటుందని పెద్దాయన మార్పించారు. నువ్వు పందొమ్మిదో రోజున విత్తావు. అంటే తొమ్మిది రోజులు ముందు. ఆ తొమ్మిది రోజుల్లో గడ్డి వేరు దిగిపోయి మొక్కజొన్నతో నీళ్ల కోసం పోటీకి వచ్చింది. మీ చేలో ఇబ్బందికి కారణం చాలావరకు ఇదే.

ఇప్పటికి చేయగలిగింది: సాలు వదిలి సాలు గడ్డిని పలచన చేయడం, మొక్కల మొదళ్లకి మన్ను ఎగదోయడం, వాన కోసం చూడటం.

నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. కొలత విషయం స్పష్టంగా ఉండాల్సింది. ఆరోగ్యం జాగ్రత్త.

మరదలు


ఇంటి నుంచి,
యాభై తొమ్మిదో రోజు

అమ్మాయ్,

నీ ఉత్తరం అందిన రోజునే మూడిళ్లకీ వెళ్లాను. "తప్పు నాది. కాగితంలో రాసింది పొడుగాటి మనిషి మోకాలట. నేను నా మోకాలు పట్టుకుని మిమ్మల్నందర్నీ తొమ్మిది రోజులు ముందు దింపేశాను. గడ్డి పీకేయండి, నాలుగు గింజలైనా మిగులుతాయేమో" అని చెప్పాను. బాబాయి పలక తీసుకోలేదు. ఆ రోజే అడిగాడు కదా ఆయన, నీ మోకాలా నా మోకాలా అని. నేను నిచ్చెన జోకు వేశాను. ఆ నవ్వు ఇప్పుడు ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం నేల చూశాం.

వాళ్లు రెండ్రోజుల్లో మొత్తం పీకేశారు. మొక్కజొన్న తేరుకోలేదు. కంకికి పీచు రావాల్సిన రోజుల్లో పీచు రాలేదు. బాబాయి ఒక కంకి వలిచి నా ముందు పట్టుకున్నాడు. లోపల తెల్లటి బెండు. గింజ ఒక్కటంటే ఒక్కటి లేదు.

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. చెవిటిదానికి ఆ తేడా ఎలా తెలిసిందంటావా? పలకకి పనిలేదు. ముందైతే పాలకేంద్రం దాకా వెళ్లొచ్చేసరికి నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపేవాళ్లు, నా రవిక భుజమంతా సుద్ద అయ్యేది. ఇప్పుడు పన్నెండు రోజులుగా పలక నల్లగా నిగనిగలాడుతోంది. మొన్న నేనే దాని మీద దొరసాని బొమ్మ గీసుకున్నాను.

దొరసాని వెళ్లిపోయింది. మేత లేక ఐదింటిని అమ్మేశాను. లారీ వెనక తలుపు వాల్చి ఎక్కించారు. మిగతావి ఎక్కాయి. దొరసాని కాళ్లు బిగబట్టింది. తోలేవాడు కర్ర తీస్తే వద్దని నేనే వెళ్లి దాని గొంతు కింద చెయ్యి వేశాను, ఎప్పుడూ వేసే చోటే. అరుస్తోంది. నా చెవికి తెలియలేదు, అరచేతికి తెలిసింది. చెయ్యి తీసేదాకా అరుస్తూనే ఉంది. తీశాక ఇంకా అరిచిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు పాకలో మూడున్నాయి. పెంకి, బెల్లం, ఒక పెయ్య. పాక ఇంత పెద్దదని ఇన్నాళ్లూ తెలియలేదు.

నా చేలో గడ్డి కూడా పైనుంచి పీక్కుంటూ వస్తున్నాను. ఒక్కదాన్నే కదా, రోజుకి మూడు సాళ్లు. సగం చేను అయింది. దానివల్ల వచ్చేదేం లేదని తెలుసు, మొక్కజొన్న ఎలాగూ పోయింది. కానీ వాళ్లందరి చేత పీకించి నాది ఉంచుకోవడం బాగుండదు. నా మోకాలి తప్పుకి నా చేను కూడా బోసిపోవాలి కదా.

గుంజ మీద కాగితం చింపలేదు. నీ తప్పేముంది, నువ్వు సరిగ్గానే రాశావు. నీలాంటి పొడుగుపాటి ఆడపడుచు ఉన్నదానికి తన మోకాలు ఎక్కడుంటుందో తెలియాలి. మీ అన్నయ్య ఉంటే ఈ జోకుకి నవ్వేవాడు. నాకు రావడం లేదు.

బెత్తెడు


ఇంట్లో, వంటగది బల్ల దగ్గర.
ఆఫీసులో ఇది రాయలేను

వదినా,

ముందు ఇది చదువు, మిగతాది తర్వాత చదువు: గడ్డి పీకకు. ఈ ఉత్తరం చేతికి అందిన చోటే, ఏ సాల్లో ఉంటే ఆ సాల్లో ఆపెయ్యి.

ఇప్పుడు మిగతాది.

"వాన లేని ఏడు మీరేం చేశారు? అది చెప్తే చాలు" అని నువ్వు నలభై ఒకటో రోజున అడిగావు. నేను మోకాలి గురించి రాశాను. ఆ ఉత్తరం నేను రాసిందే, కానీ అది నా గొంతులా లేదని నీకు అనిపించి ఉంటుంది. "పరిశీలించాను" అన్నాను. ఏం పరిశీలించాను? నా భయాన్ని ఎక్కడ దాచొచ్చో వెతికాను. నీ మోకాలు కనిపించింది.

మేము మూడేళ్లు చేశాం ఈ ప్రయోగం. కరపత్రంలో రెండేళ్లే ఉన్నాయి. మూడో ఏడు వాన పడలేదు. మూడు మడులకి నీళ్లు పెట్టకుండా వదిలాం, మీ చేనులాగే. వాటిలో గడ్డి ఇరవై ఎనిమిదో రోజునే విత్తాం. పొడుగు మనిషి మోకాలితో, సరైన రోజున, నా కళ్లముందు. అయినా ఒక్క కంకి గింజ కట్టలేదు. ఆకులు గొట్టాల్లా చుట్టుకున్నాయి, లోపల తెల్లటి బెండు. నీ ఉత్తరంలో నువ్వు రాసిందంతా నా నోటు పుస్తకంలో నాలుగేళ్ల కిందటే ఉంది, నా చేతిరాతతో. మొదటి ఉత్తరంలో కొట్టేసిన రెండు వరుసలూ ఇవే.

వదినా, నీ మోకాలిది తప్పు కాదు. తొమ్మిది రోజులు ముందు వేసినా, తర్వాత వేసినా, ఈ ఏడు మొక్కజొన్న దక్కేది కాదు. మూడిళ్లకీ వెళ్లి తల దించుకుని నువ్వు చెప్పింది నా అబద్ధం. ఇంకా ఉంది. నీ మొదటి ఉత్తరం తలమీదే "ఇరవయ్యో రోజు" అని ఉంది. మూడుసార్లు చదివానని గొప్పగా రాశాను. ఆ అంకె కంట పడి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. అవసరం పడ్డాక మాత్రం అదే అంకె వెతుక్కుని నీ మీదకి తిప్పాను.

"వానలేని ఏడు కాబట్టి అది లెక్కలోకి రాదు" అన్నారు పెద్దాయన. నాకూ అప్పుడు సబబుగానే తోచింది. చదువుకున్నవాళ్లకి ఏదైనా సబబుగా తోస్తుంది, అదే మా చదువు. ఆపైన ఎవరో పెద్దలు కేంద్రం చూడటానికి వస్తున్నారని, ఎండిన మడులు బాగుండవని, దున్నించెయ్యమన్నారు. చీటీ మీద సంతకం నాది. ట్రాక్టరు డ్రైవరు బండి ఆపి దిగొచ్చి, ఒక గడ్డి దుబ్బు తవ్వి చేత్తో పట్టుకుని, "అమ్మా, పైన ఎండింది గానీ మొదలు తెల్లగానే ఉంది. వాన పడితే లేస్తుందేమో. దున్నెయ్యమంటారా?" అని అడిగాడు. నేను గడియారం చూసుకుని "దున్నెయ్" అన్నాను. పదకొండు రోజుల తర్వాత వాన పడింది. ఆ మడుల్లో చూడటానికి ఏమీ మిగల్లేదు.

కాబట్టి నీకు చెప్పగలిగింది ఇంతే. కంకి పోయింది. గడ్డి బతుకుతుందా, నేలని పట్టుకుంటుందా అంటే నాకు తెలియదు. ఎవరికీ తెలియదు, ఎందుకంటే తెలుసుకోగలిగిన చోటుని నేనే దున్నించాను. దుబ్బు మొదట్లో గోటితో గీకి చూడు. లోపల తెల్లగా, కాస్త తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. అలా ఉన్నదాన్ని ఉంచు. వాన ఎప్పుడు పడినా మొదటి దెబ్బే గట్టిగా పడుతుంది, బోసి నేల దానికి ఆగదు. వాళ్లకి కూడా చెప్పు. చెప్పమని అడిగే హక్కు నాకు లేదు, అయినా చెప్పు.

దొరసాని గురించి ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మరదలు


ఇంటి నుంచి,
డెబ్భయ్యో రోజు

అందింది. పీకడం ఆపాను. గీకి చూశాను, తెల్లగా ఉంది.

వాళ్ల చేలల్లో పీకడానికి ఏమీ మిగల్లేదు, చెప్పడానికి కూడా.

ఇప్పుడు ఇంతకంటే రాయలేను.


పరిశోధన కేంద్రం, కిటికీ దగ్గర

వదినా,

మధ్యాహ్నం నుంచి ఇక్కడ వాన. ఎదుటి కొట్టు కనిపించడం లేదు. రేకుల మీద చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినబడక అందరూ చేతులతో సైగలు చేసుకుంటున్నారు. నువ్వే గుర్తొచ్చావు. మబ్బులు మీ వైపుకే వెళ్తున్నాయి. ఇరవై ఏళ్లుగా వాన కోసం చూసే ఉద్యోగం చేస్తూ, ఇవాళ ఆగిపోతే బాగుండని వేడుకుంటున్నాను.

మూడో ఏడు నోటు పుస్తకం తీసుకెళ్లి పెద్దాయన బల్ల మీద పెట్టాను. కరపత్రం వెనక్కి తెప్పించాలన్నాను. "కూర్చోండమ్మా" అన్నారు. కూర్చోలేదు. "చూద్దాం" అని పుస్తకం సొరుగులో పెట్టబోయారు. పట్టుకున్నాను, వదల్లేదు. ఇద్దరం చెరో చివరా పట్టుకుని ఒక క్షణం నిలబడ్డాం, బట్టల కొట్టులో ఒకే చీర దొరికిన ఇద్దరు ఆడవాళ్లలాగా. పుస్తకం నా దగ్గరే ఉంది. రేపటి నుంచి నన్ను విత్తనాల గోదాముకి మార్చారు. పర్వాలేదు. అక్కడ నేను రాసేది సంచుల మీద చీటీలే, వాటిలో ఏమీ వదిలేయడానికి ఉండదు.

ఒక్క మాట రాయి వదినా. తిట్టయినా సరే. చేను ఉందా?


ఇంటి నుంచి.
రోజుల లెక్క మానేశాను

డాక్టరమ్మా,

వాన ఒక్క మధ్యాహ్నం పడింది. రెండు నెలలది ఒక్కసారే దించి పోయింది.

నేను పాక చూరు కింద నిలబడి చూశాను. చప్పుడు లేదు కదా నాకు, కొండచరియ జారినా బొమ్మలాగే జారుతుంది. ముందు పై సగం కదిలింది, నేను నా చేతులతో బోసి చేసిన సగం. ఎర్రటి నీళ్లు సాళ్లు తెంపుకుని దిగాయి. మొదటి గడ్డి వరుస దగ్గరికి వచ్చి, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు, ఆగాయి. కొంచెం పొంగి, నెమ్మదించి, దుబ్బుల సందుల్లోంచి సన్నగా కిందకి వెళ్లాయి. మర్నాడు వెళ్లి చూస్తే ఆ వరుస వెంట మోకాలెత్తు మట్టి పేరుకుని ఉంది. నా మోకాలే, కొలిచాను. పైన జారిన మట్టి చాలావరకు అక్కడే ఉంది. కింది సగం చెక్కు చెదరలేదు. దుబ్బులకి వారంలో కొత్త ఆకు వచ్చింది.

మీసాల బాబాయి చేను లేదు. మట్టంతా కాలవలో ఉంది. పైన రాయి కడిగిన పళ్లెంలా ఉంది. మిగతా ఇద్దరివీ దాదాపు అంతే. ఆయన గట్టు మీద నిలబడి ఒకసారి నా చేను, ఒకసారి తన చేను చూశాడు. నేను పీకమన్నాను కాబట్టి పీకారు. నువ్వు రాశావు కాబట్టి నేను చెప్పాను. ఈ ముక్క నీకోసం రాశాను, రెండుసార్లు చదువుకో.

ఆ తర్వాత నేనొక పని చేశాను. నీ ఉత్తరం పాలకేంద్రానికి పట్టుకెళ్లాను, క్యాన్లతో అందరూ వరసలో ఉన్న వేళకి. మెట్టెక్కి మొత్తం పైకి చదివాను. పీకకు అన్న దగ్గర్నుంచి ట్రాక్టరు డ్రైవరు అడిగింది, నువ్వు గడియారం చూసుకుంది, అంతా. చెవులు పోయిన ఈ ఆరేళ్లలో నేను వీధిలో గొంతెత్తింది లేదు, ఎంత గట్టిగా వస్తుందో నాకు తెలియదు కాబట్టి. పాలవ్యాను డ్రైవరు తర్వాత పలక మీద రాశాడు, "రోడ్డు మలుపు దాకా వినబడిందక్కా" అని. పన్నెండు రోజులు కాదు, ముప్ఫై రోజుల తర్వాత ఆ పలక మీద పడ్డ మొదటి అక్షరాలవి.

చదవడం అయ్యాక బాబాయి క్యాను తీసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒరిగిందేమిటి అనుకుంటూ ఇంటికొచ్చాను. పరువు తిరిగొస్తే దొరసాని తిరిగొస్తుందా? ఎనిమిదింటికి మేత చాలని రోజున ఎనిమిదీ ఉన్నాయి. ఇప్పుడు సగం చేను నిండా గడ్డి, నడుమెత్తు. మేసేవి మూడు. పెంకి కడుపునిండా తిని, దొరసానిని కట్టే ఖాళీ గాటి వైపు తిరిగి పడుకుంటోంది. ఒక్కోసారి నాకు ఆ గడ్డిని చూడబుద్ధి కాదు.

నిన్న బాబాయి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, పలక కోసం చెయ్యి చాచాడు. "గడ్డి పిలకలు ఇస్తావా? రాతి సందుల్లో ఎక్కడైనా పిడికెడు మట్టి ఉంటే నాటుకుంటా" అని రాశాడు. దాని కిందే "ఎప్పుడు నాటాలి?" అని మళ్లీ రాశాడు. నాకు తెలియదన్నాను. తల ఊపాడు. తెలియదన్నందుకు ఆయన ముఖంలో కోపం లేదు. దుబ్బులు చీల్చి మూడు బుట్టలు ఇచ్చాను. మిగతా ఇద్దరికీ పంపాలి, ఒక్కదాన్నే చీల్చలేకపోతున్నాను. వేళ్లు లోతుకి పట్టుకుని ఉన్నాయి, అరచేతులు కోసుకుపోయాయి.

క్షమించావా అని అడగబోతావు. అడక్కు. దొరసాని గొంతు ఇంకా నా అరచేతిలో ఉంది, ముందు అది పోనీ.

నువ్వు రా. గోదాములో సంచుల మీద చీటీలు ఎవరైనా రాస్తారు. నోటు పుస్తకం తెచ్చుకో, ఈ చేను సంగతి కూడా అందులో రాయాలి, పై సగం, కింది సగం, రెండూ. పొడుగు చేతుల జాకెట్టు తెచ్చుకో, గడ్డి అంచు కోస్తుంది. కొడవళ్లు నా దగ్గరున్నాయి.

ఇంక ఉత్తరాలు వద్దు. ఉత్తరంలో నువ్వు నాకు కనబడకుండా వరుసలు కొట్టేస్తావు. వచ్చి పలక మీద రాయి. చెరిపితే నా ఎదురుగా చెరపాలి.

వదిన